ముందు సీటు, ఎడమ మూల

వాన వస్తే మనుషులు ఇంట్లోకి పరిగెత్తుతారు. మా చిన్నాయన ఇంట్లోంచి కార్లోకి పోయేవాడు.

నందికొట్కూరులో వాళ్ల ఇంటి ముందు, కానుగ చెట్టు పక్కన ఆ కారు నిలబడి ఉండేది. తెల్ల కారు, బాగా పాతది, టాపు మీద ఇనుప క్యారియరు. మొదటి చినుకు పడగానే ఆయన చేస్తున్న పని ఎక్కడిదక్కడ వదిలేసేవాడు. అన్నం ముందు కూర్చుని ఉంటే చేయి కడిగేసేవాడు. విత్తనాల అంగట్లో ఉంటే, ఎదురుగా నిలబడిన రైతుతో "ఇప్పుడే వస్తా ఉండప్పా" అని చెప్పి మోపెడ్ మీద ఇంటికి వచ్చేసేవాడు. భుజాన తువ్వాలు వేసుకుని, ముందు సీట్లో ఎడమ పక్క కూర్చుని, తలుపు మూసుకుని, తల పైకెత్తి చూస్తూ ఉండేవాడు. లావు మనిషి. ఆయన కూర్చుంటే కారు ఆ పక్కకు కొంచెం ఒరిగేది. వాన నిలిచేదాకా కదిలేవాడు కాదు. ఆ తువ్వాలుతో తల తుడుచుకోగా నేను ఒక్కసారీ చూడలేదు. మరి దాన్ని ఎందుకు వేసుకునేవాడో దేవుడికే తెలియాలి.

ఈ ఏడు మొదటి వాన పడిన రోజు చిన్నమ్మ నాకు ఫోన్ చేసింది. నేను ఎర్రగుంట్లలో, కాలేజీలో పాఠాలు చెబుతాను. క్లాసులో ఉండగా ఫోను ఎత్తను. ఆమె ఆపకుండా చేస్తూనే ఉంటే వరండాలోకి వచ్చి ఎత్తాను.

"వాన పడతాండాదమ్మా," అంది.

"మంచిదే కదా చిన్నమ్మా."

"కారు దిక్కు చూసేటోళ్లు ల్యారు."

ఫోన్లో వాన చప్పుడు మాత్రం వినబడుతూ ఉండింది. చిన్నాయన ఆ ఎండాకాలంలోనే పోయాడు. నేను క్లాసులోకి తిరిగి వెళ్లాను గానీ ఏం చెప్పానో నాకు గుర్తు లేదు. పిల్లలకూ గుర్తుండదు లెండి, వాళ్లు కిటికీలోంచి వానను చూస్తున్నారు.

ఆ కారు క్యారియరు దగ్గర నీళ్లు లోపలికి దిగేవి. మామూలుగా క్యారియర్లను టాపు అంచులకు తగిలించి బిగిస్తారు. పాత యజమాని బాడుగలకు తిప్పేవాడు, బరువు ఎక్కువ మోయాలని టాపు రేకుకే బెజ్జాలు కొట్టి బోల్టులు వేయించాడు. నాలుగు మూలలా నాలుగు బోల్టులు. మూడు బాగానే ఉండేవి. ముందర ఎడమ మూల బోల్టు దగ్గర రేకు కొంచెం కుంగి నీళ్లు నిలిచేవి. అక్కడి నుంచి ఒక్కొక్క చుక్క, సరిగ్గా ఎడమ పక్క కూర్చున్న మనిషి మీద పడేది. వీధిలో వాళ్లు నవ్వేవాళ్లు. "కారంటేనే కారేది గదప్పా, దానికేంటికి బాధ?" అనేవాళ్లు. మా చిన్నాయన అన్నిటికీ నవ్వే మనిషే, ఈ మాటకు మాత్రం నవ్వేవాడు కాదు.

నాకు కారు నేర్పింది ఆయనే. మా ఇంట్లో ఆడపిల్ల కారు నడపడం ఏమిటని గొణిగినవాళ్లను, "బర్రెను తోలితే ల్యాని తప్పు బండిని తోలితేనా?" అని నోరు మూయించాడు. ఒకరోజు కాలువ గట్టు పక్కన నేర్చుకుంటూ ఉంటే జల్లు అందుకుంది. నేను వైపరు మీట కోసం వెతుక్కుంటూ ఉంటే, పైనుంచి చుక్క ఆయన తల మీద పడింది. ఇంకోటి. ఇంకోటి. నుదుటి మీదుగా ముక్కు దాకా కారుతోంది. ఆయన కదలడు. కళ్లు మూసుకున్నాడు.

"జరుగు చిన్నాయనా, సీటు ఇంత ఉంది కదా," అన్నాను. ఆ పాత కార్లకు ముందు సీటు బల్ల మాదిరి అంతా ఒకటే.

"ఒకసారి జరిగినా పాపా. అది చాలు," అన్నాడు.

అప్పుడు చెప్పాడు. మా జేజి, అంటే ఆయన అమ్మ, కర్నూలు పెద్దాసుపత్రిలో పోయింది. మా నాయన ఊర్లో ఏర్పాట్లు చూస్తున్నాడు. ఆస్పత్రి దగ్గర ఉన్నది ఈయనే, అప్పటికి మీసం కూడా సరిగ్గా గట్టిపడలేదు. బాడుగ కారు వచ్చేసరికి చూడ్డానికి వచ్చిన చుట్టాలు ముందే ఎక్కి కూర్చున్నారు. "లోపల తావు ల్యాదప్పా, పైన కడతాం, అందరూ చేసేదే," అన్నాడు డ్రైవరు. అందరూ చేసేదే, నిజం. అప్పట్లో పల్లెలకు శవాలు అట్లాగే వచ్చేవి. అయినా ఎవరో ఒకరు సరే అనాలి కదా. కొడుకు కాబట్టి ఈయన్ను అడిగారు. ఈయన సరే అన్నాడు.

"చాపలో చుట్టి కట్టినారు. తల ముందరికి. నేను ముందు సీట్లో, ఇదో, ఈడనే కూర్చున్నా. కర్నూలు దాటినాక వాన ఎత్తుకునింది. అమ్మ బతికినన్నాళ్లు వాన కోసరం మొగులు చూసిన మనిషి పాపా. ఆ వాన ఆమె పోయినాక వచ్చింది. పైన తడుస్తాండాది. ఆమె మీద పడిన నీళ్లు ఆ బెజ్జంలోంచి నా తల మీద పడినాయి."

వైపరు నేను వేయనే లేదు. అద్దం మీద ఏమీ కనిపించడం లేదు.

"కొత్త చొక్కా వేసుకోనుండా. చల్లగా పడేసరికి..." ఆయన చేత్తో చూపించాడు, ఇట్లా, సీటు మీద నా వైపు జానెడు. "జరిగినా. అమ్మ పైన తడుస్తా ఉంటే నేను తడవకుండా పక్కకు జరిగినా. కావాలని చేసింది కాదు. ఒళ్లు జరిగింది. అయినా జరిగినా కదా పాపా?"

 

"మీ చిన్నమ్మకు చెప్పొద్దు," అన్నాడు చివరికి. "యాడ కారుకు నిప్పు పెడుతుందో."

ఆ బాడుగ కారు ముసలిదై, యజమాని దాన్ని పాత ఇనుము కింద వేసేస్తాడని తెలిసినప్పుడు ఆయనే పోయి తెచ్చుకున్నాడు. పెళ్లయిన కొత్త. అంత మంచి కార్లు ఉండగా ఈ డొక్కు ఏంటికని చిన్నమ్మ మూడు పూటలా అడిగిందట. ఆయన చెప్పలేదు. ఆయనకు కావలసింది కారు కాదు, ఆ బెజ్జం. ఎంత బాగు చేసినా ప్రతి ఏడూ అది కారుతుంది. అది కారకుండా ఏ ఏడు ఆగుతుందో ఆ ఏడు అమ్మ తనను మన్నించినట్టని ఆయన లెక్క. ఇందులో న్యాయం ఎక్కడుందని అడిగితే నేను వాదించలేను. మనిషి తన మీద తానే వేసుకున్న శిక్షకు న్యాయం చూడడు.

ఆ క్యారియరు మీద ఆయన ఏ సామానూ ఎక్కించనిచ్చేవాడు కాదు. ఒకసారి అందరం అహోబిలం పోయాం, బండి నేను తోలాను. బియ్యం మూట, పరుపులు, పొయ్యి, గంగాళం, అన్నీ లోపలే, అందరి ఒళ్లలోనే. ఆళ్లగడ్డలో టీ తాగడానికి ఆగితే అంగడి దగ్గర వాళ్లు ఖాళీ క్యారియరునూ, లోపల గంగాళం వెనక నుంచి తొంగిచూస్తున్న చిన్నమ్మనూ మార్చి మార్చి చూశారు. ఆమెకు ఒళ్లు మండింది.

"పైన ఎద్దులబండంత తావు పెట్టుకోని నా ఒళ్లో గంగాళమా? ఈ ఇంట్లో పోయినోళ్లకు ఉండే తావు బతికినోళ్లకు ల్యాదు!"

ఆయన టీ గ్లాసు పక్కన పెట్టి, గంగాళం తన ఒళ్లోకి తీసుకుని, కొండ చేరేదాకా దించలేదు. ఆమె ఎంత తిట్టినా పడేవాడు. ఆ తావు ఎవరికోసమో ఆమెకు తెలియదని ఆయన నమ్మకం.

ఇంకో నియమం ఉండేది ఆయనకు. మా చుట్టుపక్కల ఎవరైనా కర్నూలు ఆస్పత్రిలో పోతే, అడగకముందే ఈ కారు పోయేది. శవాన్ని వెనక సీట్లో పడుకోబెట్టి, తల సొంతవాళ్ల ఒళ్లో పెట్టించేవాడు. చుట్టాలు ఎక్కబోతే చేయి అడ్డం పెట్టేవాడు. "పోయినోళ్లు లోపల, బతికినోళ్లు బస్సులో," అనేవాడు. కొందరికి కోపం వచ్చేది. ఊరి పెద్దమనిషి ఒకాయన, "నన్నే బస్సులో పొమ్మంటాడా," అని ఏడాది మాట్లాడలేదు. తర్వాత ఆ పెద్దమనిషి కూడా ఆ వెనక సీట్లోనే పడుకుని ఊరికి వచ్చాడు. "వాన రాకడ, ప్రాణం పోకడ మన చేతిలో ల్యావు, తీసకపోయే పద్ధతి మన చేతిలో ఉండాది," అనేవాడు చిన్నాయన.

ఇంక ఆ బోల్టు సంగతి. మా వైపు మట్టి మిద్దెలకు ఎండాకాలం చివర చౌడు మన్ను వేస్తారు. రోళ్లు పగిలే రోహిణి ఎండలో, మిద్దె ఎక్కి, చౌడు పరిచి, నెర్రెలు పూడ్చి దిగితే ఆ ఏడాది వాన లోపలికి దిగదు. మా జేజి ఆ పనిలో గట్టిదట. మగవాళ్లను మిద్దె ఎక్కనిచ్చేది కాదట. చిన్నాయన కారు టాపుకు కూడా అదే పద్ధతి పెట్టాడు. రోహిణి కార్తె వచ్చిందంటే, మిట్టమధ్యాహ్నం, రేకు పెనంలా కాలుతూ ఉంటే, స్టూలు వేసుకుని పైకి వంగేవాడు. బోల్టు విప్పి, సైకిల్ ట్యూబు ముక్కను గుండ్రంగా కత్తిరించి కింద వేసి, తారు కరిగించి పూసి, పైన లప్పం పెట్టి, స్పానరుతో కడదాకా బిగించేవాడు. చేతులు బొబ్బలెక్కేవి. చిన్నమ్మ కిటికీలోంచి మజ్జిగ చెంబు అందిస్తూ తిట్టేది. అంత చేసి, ఒక బిందెడు నీళ్లు పోసి చూడు చిన్నాయనా అంటే ఒప్పుకునేవాడు కాదు.

"బిందె నీళ్లు నేను పోసేటివి. వాన ఆమె పంపించేది. రెండూ ఒకటెట్ల అయితాయి?"

వాన వచ్చేది. చుక్క పడేది. ఆయన తల పైకెత్తి, "ఈ ఏడు కూడా," అనేవాడు. అంతే.

ఊరి చివర షెడ్డు పెట్టుకున్న మస్తానన్న ఈ తతంగమంతా చూసి తల పట్టుకునేవాడు. ఆయన చిన్నాయనకు చిన్నప్పటి స్నేహితుడు. "నీకు ఎన్నిమార్లు చెప్పల్ల అన్నా? మిద్దె వేరు, రేకు వేరు. మన్ను తడిస్తే ఉబ్బుతాది, బెజ్జం పూడుతాది. ఇనుము ఎండకు ఉబ్బి వానకు ముడుచుకుంటాది. నువ్వు కాలేటప్పుడు బిగిస్తావు, తడిసేటప్పుడు వదులైతాది. ముసురు పట్టినప్పుడు తీసకరా, చల్లగుండేటప్పుడు బిగిస్తా."

"మా అమ్మ నేర్పిన పని మస్తానూ. మార్చను."

"ఆయమ్మ మిద్దెకు నేర్పింది, కారుకా?"

"ఆమెకు కారు యాడుండింది, నేర్పేదానికి?" అనేవాడు చిన్నాయన. అక్కడికి వాదన ఆగిపోయేది. నేను కూడా తమాషాకు, "ఎర్రగుంట్లకు పంపించు చిన్నాయనా, మా సిమెంటు ఫ్యాక్టరీల దుమ్ముకు దానంతట అదే పూడుకుపోతుంది," అనేదాన్ని. అప్పుడు కొంచెం నవ్వేవాడు.

ఒక ఏడు ఆయనకు నెమ్ము చేసింది. రొమ్ములో గరగర. డాక్టరు తడవొద్దన్నాడు. అంతలో తుపాను ముసురు పట్టింది. ఆయన తువ్వాలు భుజాన వేసుకుని మళ్లీ కార్లోకి పోయి కూర్చున్నాడు. చిన్నమ్మ ఫోన్లో ఏడ్చింది. "ఆ బెజ్జాన్నన్నా మూయించు, ఆయన్నన్నా ఆపు. నావల్ల కాదు," అంది. నేను బస్సెక్కి పోయాను. కార్లోనే ఉన్నాడు, జుట్టు తడిసి నుదుటికి అతుక్కుని. నేను ఏమీ అడగకుండా స్టీరింగు ముందు కూర్చుని బండి తీశాను. "యాడికి పోతాండావు?" అన్నాడు. షెడ్డు దగ్గర ఆపేదాకా నేను చెప్పలేదు.

మస్తానన్న పాత తారంతా గీకేశాడు. పొరలు పొరలుగా వచ్చింది, ఏడాదికొక పొర. రేకు కుంగిన చోట లోపలి నుంచి మెత్తగా కొట్టి సరిచేసి, లావు రబ్బరు వేసి, బోల్టు బిగించాడు. ఆ గీకిన తారును చిన్నాయన కింద పడనీయకుండా తువ్వాలులో పట్టుకున్నాడు. ఎందుకని ఇద్దరం అడగలేదు.

తిరిగి వచ్చేటప్పుడు వాన ఇంకా గట్టిగా ఉంది. చుక్క పడలేదు. ఆయన అరచేయి పైకెత్తి టాపు గుడ్డను తడిమాడు. పొడిగా ఉంది. మళ్లీ తడిమాడు. నాకు లోపల ఎంత సంతోషంగా ఉందో చెప్పలేను. ఇన్నేళ్లకు మన్నింపు దొరికింది కదా, ఇప్పుడు ఏడుస్తాడు, తర్వాత తేలికపడతాడు అనుకున్నాను.

"ఆపు పాపా," అన్నాడు.

కాలువ గట్టు దగ్గర ఆపాను. దిగి, ఆ వానలో, క్యారియరు ఇనుప కడ్డీ మీద చేయి వేసి నిలబడ్డాడు. పడుకున్న మనిషి తల మీద చేయి వేసినట్టే వేశాడు. నెమ్ము ఉన్న మనిషి, డాక్టరు చెప్పాడు, రా చిన్నాయనా అని నేను అరుస్తూనే ఉన్నాను. చాలాసేపటికి వచ్చి కూర్చున్నాడు.

"ఇంగ ఆమె యాడికి పోతాది పాపా?" అన్నాడు.

ఆ తర్వాత వాన వస్తే ఆయన కార్లోకి పోలేదు. ఇంటి అరుగు మీద చిన్నమ్మ పక్కనే కూర్చుని శనక్కాయలు ఒలిచేవాడు. ఇన్నేళ్లకు మొగుడు దక్కాడని వీధిలో ఆడవాళ్లు ఆమెను ఆటపట్టించారు. నేను పోయినప్పుడల్లా చూసేదాన్ని. ఒలిచిన గింజలు పొట్టులో, పొట్టు గింజల్లో వేసేవాడు. కళ్లు కారు మీద ఉండేవి. రోహిణి వచ్చినా స్టూలు బయటికి తీయలేదు. బాగు చేయడానికి ఏమీ లేదు కదా. అట్లాగే ఈ ఏడు ఎండాకాలంలో, మధ్యాహ్నం భోంచేసి పడుకుని లేవలేదు.

చిన్నమ్మ ఫోన్ చేసిన వారం నేను నందికొట్కూరు పోయాను. వాళ్లకు పిల్లలు లేరు, ఆమె ఒక్కతే ఆ ఇంట్లో వానలు వినడం నాకు ఇష్టం లేదు. కొన్నాళ్లు నా దగ్గర ఉండమన్నాను. "కారు గూడా తీసకపో. నడిపేదానివి నువ్వే గదా," అంది. సంచులు వెనక సీట్లో వేశాం. క్యారియరు మీద పెట్టాలన్న ఆలోచన ఇద్దరికీ రాలేదు. ఆమె ముందు సీట్లో, ఎడమ పక్క కూర్చుంది. ఎప్పుడూ వెనక కూర్చునే మనిషి. ఆ సీట్లో ఆమెను చూడటం అదే మొదటిసారి.

వీధి మలుపు తిరగకముందే వాన మొదలైంది. బజారు దాటుతూ ఉంటే నాకు చప్పుడు వినిపించింది. మెత్తటి చప్పుడు, గుడ్డ మీద వేలితో కొట్టినట్టు. చిన్నమ్మ భుజం మీద చీర నల్లగా తడిసింది. ఇంకో చుక్క పడింది.

ఎండలకు రబ్బరు ఎండి పగిలి ఉంటుంది, నాకు తెలుసు. తెలిసినా తల పైకెత్తి చూశాను.

"చిన్నమ్మా, రొంత ఇట్ల జరుగు. తడుస్తావు."

ఆమె పైకి చూసింది. ఆ బెజ్జాన్ని కాపురమంతా తిట్టిన మనిషి. ఇప్పుడు తిట్టలేదు. కొంగు సర్దుకుని నా వైపు జరిగింది. చుక్క తప్పించుకోవడానికి జానెడు చాలు. ఆమె ఇంకా జరిగింది, ఇంకా జరిగింది, భుజం నా భుజానికి ఆనుకునేదాకా. స్టీరింగు తిప్పడం కష్టమైంది.

"అంత జరగనక్కర ల్యాదు చిన్నమ్మా."

"మీ చిన్నాయన లావు మనిషి గదమ్మా," అంది. "ఆ మాత్రం తావు కావల్ల."

ఖాళీ అయిన చోట చుక్కలు పడుతున్నాయి. సీటు మీద తడి వెడల్పవుతోంది. ఆమె ఆ తడినే చూస్తోంది.

"నీకు చెప్పినాడా?" అన్నాను. "జేజి సంగతి, జరిగిన సంగతి?"

"నాకేంటికి చెప్తాడు? నిద్దర్లో కలవరించేటోడు. 'పైన తడుస్తాండావే అమ్మా, ఇంగ జరగను' అని. కొత్త కాపురం నుంచి వింటాండా." కొంగుతో ముఖం తుడుచుకుంది. "పిచ్చోడు. తడిసిపోతాననే జరిగినానని ఏడ్సినాడే గానీ, పైన తడిసేటి అమ్మకు లోపల తావిచ్చినానని ఒక్క పొద్దన్నా అనుకోలేకపోయినాడు. నేనన్నా చెప్పుంటే బాగుండు."

మస్తానన్న షెడ్డు వచ్చింది. ఆయన వానలో బయటికి వచ్చి, కారును గుర్తుపట్టి చేయి ఎత్తాడు. నేను వేగం తగ్గించి చిన్నమ్మ వైపు చూశాను.

"పోనీమ్మా," అంది.

పోనిచ్చాను.